పాదం మీద ఇంటూ గుర్తు

మా బాబు పుట్టిన ఆరో రోజు సాయంత్రం వాడి పాదాలు చల్లబడ్డాయి. ముందుగా గమనించింది నేను కాదు, మా అమ్మ. ఒళ్లో వేసుకుని దుప్పటి సర్దుతూ, "చేతులు వెచ్చగానే ఉన్నాయి, కాళ్లేమిటే ఇంత చల్లగా ఉన్నాయి?" అంది. పట్టుకుని చూస్తే నిజమే. అరచెయ్యి గోరువెచ్చగా ఉంది, అరికాలు తడిగుడ్డలా ఉంది. పొద్దుటి నుంచీ పాలు సరిగ్గా తాగడం లేదు. రెండు గుక్కలు పీల్చి వదిలేస్తాడు, ఆయాసపడతాడు, మళ్లీ నోరు తెరుస్తాడు. నుదుటి మీద సన్నగా చెమట. నిద్రమత్తులో ఉన్నాడనుకున్నాను. అంత చిన్న బిడ్డకు పాలు తాగడమే పెద్ద శ్రమ అనీ, ఆ శ్రమకు చెమట పడుతోందంటే గుండె అలసిపోతూ ఉండవచ్చనీ నాకు ఆ రోజు తెలియదు.

దానికి నాలుగు రోజుల ముందే మమ్మల్ని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపారు. చేతికిచ్చిన కాగితంలో బరువు 3.1 కిలోలు, కామెర్లు లేవు, గుండె సాధారణం అని రాసి ఉంది. ఆ మాట రాసే ముందు జరిగిన పరీక్ష నా కళ్లెదుటే జరిగింది. డాక్టరుగారు స్టెతస్కోపును ఛాతీ మీద రెండు మూడు చోట్ల ఆనించి విన్నారు. పొట్ట మీద చెయ్యి వేసి చూశారు. మాడు తడిమారు. వాడు గట్టిగా ఏడిస్తే "బాగున్నాడు" అని నవ్వారు. డైపర్ మాత్రం విప్పలేదు.

ఆ సాయంత్రం మేం పరుగెత్తింది ఇంకో ఆసుపత్రికి. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు బాబును చూడగానే ఇన్ఫెక్షన్ కావచ్చన్నారు. పాలు తాగకపోవడం, రంగు పాలిపోవడం, గబగబా ఊపిరి తీసుకోవడం, వారం నిండని బిడ్డ. ఎవరైనా ముందు అదే అనుకుంటారు, అనుకోవాలి కూడా. రక్తం తీశారు, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఈలోగా ఒక పెద్ద డాక్టరు వచ్చారు. ఆమె స్టెతస్కోపు మెడలోనే ఉంచుకుని, డైపర్ విప్పి, గజ్జల్లో కుడివైపు రెండు వేళ్లు ఆనించారు. తర్వాత ఎడమవైపు. తర్వాత ఒక చేతి వేళ్లు గజ్జలో ఉంచి, రెండో చేతి వేళ్లు బాబు మోచేతి మడత దగ్గర పెట్టి కదలకుండా నిలబడ్డారు. ఆ గదిలో అందరూ మాట్లాడటం మానేశారు. "కాళ్లలో నాడి అందడం లేదు. కుడి చేతికీ, కాలికీ బీపీ చూడండి" అన్నారు. చేతిలో పై అంకె 92, కాలిలో 48.

ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో ఇక్కడే చెప్పేస్తాను. పుట్టుకతో రక్తనాళాల్లో లోపం ఉన్న పసిపిల్లల గురించి మాట్లాడేటప్పుడు మనం శస్త్రచికిత్స గురించే మాట్లాడతాం. సర్జన్ చేతి గురించి, వెంట్రుకవాసి కుట్ల గురించి, అద్భుతం జరిగిందని. ఆ చేతులకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. కానీ ఆ ఆపరేషన్ ఫలితం చాలావరకు ఆపరేషన్‌కు ముందే తేలిపోతుంది. బిడ్డ ఏ స్థితిలో ఆ బల్ల మీదకు చేరాడన్నదే అసలు సంగతి. మూత్రపిండాలు పనిచేస్తూ చేరాడా, రక్తమంతా ఆమ్లమయమై, అవయవాలకు రక్తం అందని షాక్ స్థితిలో చేరాడా అన్నది గజ్జల్లో ఎవరో ఒకరు వేళ్లు పెట్టారా లేదా అన్న దాని మీద ఆధారపడి ఉంది. పుట్టిన ప్రతి బిడ్డకూ ఇంటికి పంపే ముందు ఆ పరీక్ష చేసి తీరాలి, చేసినట్టు కాగితం మీద రాసి తీరాలి, వారంలోపు మళ్లీ చెయ్యాలి. నా వాదన ఇంతే.

అసలు ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. కడుపులో ఉన్న బిడ్డ ఊపిరితిత్తులతో ఊపిరి తీసుకోదు. ఆక్సిజన్ తల్లి రక్తం నుంచి మావి ద్వారా, బొడ్డుతాడు ద్వారా అందుతుంది. అందుకని గుండె కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తుల వైపు బయలుదేరిన రక్తంలో ఎక్కువ భాగం ఒక పక్కదారి పట్టి నేరుగా బృహద్ధమనిలో, అంటే గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద నాళంలో కలిసిపోతుంది. ఆ పక్కదారిని డక్టస్ ఆర్టీరియోసస్ అంటారు. ఆసుపత్రిలో అందరూ డక్టస్ అనే పిలుస్తారు. బిడ్డ పుట్టి ఊపిరి పీల్చగానే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుంది. డక్టస్‌ను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం అంతదాకా మావి నుంచి అందేది, అదీ ఆగిపోతుంది. ఈ రెండు కబుర్లూ అందగానే డక్టస్ గోడలోని కండరం బిగుసుకుంటుంది. నెలలు నిండిన బిడ్డల్లో సాధారణంగా రెండు మూడు రోజుల్లో అందులో రక్తం పారడం ఆగిపోతుంది. మరో రెండు మూడు వారాలకు అది నాళమే కాదు, వట్టి నారపోగు. మనందరి ఛాతీలోనూ ఆ పోగు ఉంది.

మా బాబుకు బృహద్ధమని సరిగ్గా ఆ డక్టస్ వచ్చి కలిసే చోటే నొక్కుకుపోయి ఉంది. దీన్ని కోఆర్క్టేషన్ అంటారు. ప్రతి 10,000 మంది శిశువుల్లో సుమారు నలుగురికి ఉంటుంది, మగపిల్లల్లో కాస్త ఎక్కువ. డక్టస్ తెరిచి ఉన్నన్ని రోజులూ ఒంటి కింది సగానికి రక్తం ఎలాగో ఒకలా అందింది. డక్టస్ ముడుచుకోవడం మొదలయ్యాక కాళ్లకు, పేగులకు, మూత్రపిండాలకు వెళ్లే దారి ఇరుకైపోయింది. డక్టస్ కండరం బృహద్ధమని గోడలోకి కూడా పాకి ఉంటుంది కాబట్టి, అది బిగుసుకుంటే ఉన్న నొక్కు ఇంకా బిగుస్తుంది. పైభాగంలో ఒత్తిడి పెరుగుతుంది, గుండె ఆ ఒత్తిడికి ఎదురు కొట్టీ కొట్టీ సొమ్మసిల్లుతుంది.

అంటే రెండో రోజున ఇంటికి వచ్చినప్పుడు వాడు నిజంగానే గులాబీ రంగులో, హాయిగా పాలు తాగుతూ ఉన్నాడు. అబద్ధం ఎవరూ చెప్పలేదు. వాడిని ఆరోగ్యంగా కనిపించేలా చేసినది రెండు రోజుల్లో మూతపడబోయే ఒక దారి.

ఆ రాత్రి పెద్ద డాక్టరుగారు నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "అమ్మా, మూసుకుపోతున్న ఆ దారిని మందుతో మళ్లీ తెరుస్తాం. ఈ మందు ఎక్కుతున్నప్పుడు కొందరు పిల్లలు ఊపిరి తీసుకోవడం ఆపేస్తారు. అందుకే ముందే గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెడతాం. భయపడకండి అని చెప్పలేను, కానీ తెలిసిన దారే." ఆ మందు ప్రోస్టాగ్లాండిన్ ఇ1. కిలో బరువుకు నిమిషానికి మైక్రోగ్రాములో పదో వంతో, అంతకన్నా తక్కువో. సిరంజి పంపు కదులుతోందో లేదో కంటికి తెలియదు. నేను ఆ పంపు మీద అంకె మారే దాకా చూస్తూ కూర్చునేదాన్ని.

నర్సు ఒక నల్ల మార్కర్ పెన్నుతో బాబు కుడి పాదం పైభాగాన చిన్న ఇంటూ గుర్తు వేసింది. ఎందుకని అడిగితే, ఇక్కడ నాడి ఉండాలి, ప్రతి షిఫ్టులో వచ్చేవాళ్లు వెతుక్కోకుండా ఇదే చోట వేలు పెట్టి చూస్తాం అంది. రాత్రి పదకొండుకు అక్కడ ఏమీ తగల్లేదు. ఒంటి గంటకు తగల్లేదు. మూడున్నరకు ఆమె వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, నా వైపు తిరిగి తల ఊపింది. నన్నూ పెట్టి చూడమంది. నా చూపుడు వేలి కింద ఏదో సన్నగా, అగ్గిపుల్ల మొన తగిలినంతగా కొట్టుకుంది. తెల్లవారాక ఆమె తడిసిన డైపర్‌ను చిన్న త్రాసు మీద పెట్టింది. పొడి డైపర్ బరువు తీసేస్తే 11 గ్రాములు. అంటే 11 మిల్లీలీటర్ల మూత్రం. మూత్రపిండాలు మేలుకున్నాయి. ఆ అంకెను ఆమె చార్టులో రాస్తుంటే నేను ఏడ్చాను.

ఈ మందు వెనక ఉన్న కథ నాకు తర్వాత తెలిసింది. 1973లో టొరంటోలో ఫ్లావియో కొచియాని, పీటర్ ఆలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గొర్రెపిల్లల డక్టస్ ముక్కల మీద ప్రోస్టాగ్లాండిన్లు ఎలా పనిచేస్తాయో పరీక్షించారు. బిగుసుకున్న నాళం సడలింది. రెండు మూడేళ్లలోనే ఆ మందును శిశువులకు ఇవ్వడం మొదలైంది. అంతకు ముందు సర్జన్లు చేసేది కాలంతో పరుగు పందెమే. డక్టస్ మూసుకుపోతోంది, బిడ్డ చేతుల్లోనే పోతున్నాడు, అర్ధరాత్రి ఆపరేషన్ గది తెరవాల్సిందే. మందు వచ్చాక ఆ అర్ధరాత్రి రెండు మూడు రోజులుగా సాగింది. ఆ వ్యవధిలో గుండె తేరుకుంటుంది, ఆమ్లం తగ్గుతుంది, పూర్తి ఎకో, అంటే గుండె స్కానింగ్, చేసి నొక్కు ఎంత దూరం ఉందో కొలుచుకోవచ్చు, సర్జన్ నిద్రపోయి లేచి రావచ్చు. ఈ మందును కనిపెట్టడం ఏ ఆపరేషన్‌ను కనిపెట్టడానికీ తీసిపోదని నేను గట్టిగా నమ్ముతాను. అయినా ఆ ఇద్దరి పేర్లు ఎంతమందికి తెలుసు?

ఇంకో చిత్రమైన సంగతి ఉంది. పసిపిల్లల పెద్ద రక్తనాళాలకు శస్త్రచికిత్స చరిత్ర మొదలైంది ఈ డక్టస్‌ను తెరవడంతో కాదు, మూయడంతో. 1938 ఆగస్టు 26న బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే యువ సర్జన్, తన పై అధికారి లేని సమయం చూసి, ఏడేళ్ల అమ్మాయికి మూతపడకుండా మిగిలిపోయిన డక్టస్‌ను దారంతో ముడివేశాడు. ఆ పిల్ల బతికింది. ఒక బిడ్డలో తెరిచి ఉండటమే జబ్బు, ఇంకో బిడ్డలో తెరిచి ఉండటమే ప్రాణం. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో డక్టస్ తరచూ మూసుకోదు. దాన్ని మూయడానికి ప్రోస్టాగ్లాండిన్‌ను అడ్డుకునే ఇండోమెథసిన్ లాంటి మందులు 1976 నుంచీ వాడుతున్నారు, కుదరకపోతే ఛాతీ తెరిచి ముడివేసేవారు. ఇప్పుడు 700 గ్రాముల బిడ్డకు కూడా కాలి సిర గుండా చిన్న బిరడా పంపి మూసే వీలుంది. ఇటీవల 2023, 2024లలో వచ్చిన పెద్ద పరీక్షలు మాత్రం, ఆ చిన్నారుల్లో చాలామందికి తొందరపడి మందు ఇవ్వడం కన్నా కనిపెట్టుకుని ఉండటం ఏమీ తక్కువ కాదని చూపించాయి. ఎప్పుడు చికిత్స చేయాలో తెలిసినంతగా ఎప్పుడు ఆగాలో తెలియాలి. మా బాబు విషయంలో ఆగడానికి వీలు లేదు.

పుట్టిన తొమ్మిదో రోజున ఆపరేషన్. సర్జన్ గారు కాగితం మీద ఒక చేతికర్ర బొమ్మ గీశారు. వంపు పైకి, కర్ర కిందికి. వంపు దిగి కర్రగా మారే చోట రెండు వైపులా లోపలికి నొక్కి గీసి, "ఇది తీసేస్తాం. పైది, కిందది దగ్గరకు లాగి కలిపి కుట్టేస్తాం" అన్నారు. బొమ్మలో అది చాలా సులువుగా ఉంది. ఆ నాళం వెడల్పు కొన్ని మిల్లీమీటర్లు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి పావు లీటరు. ఒక చెంచాడు పోయినా లెక్కే.

వివరం అడిగితే ఆయన విసుక్కోలేదు. బిడ్డను కుడివైపు తిప్పి పడుకోబెడతారు. ఎడమ భుజం రెక్క కింద కోసి, పక్కటెముకల మధ్య నుంచి లోపలికి వెళతారు. ఊపిరితిత్తిని మెత్తగా పక్కకు జరుపుతారు. డక్టస్‌ను కట్టి తెంపేస్తారు. నొక్కుకు పైనా కిందా బృహద్ధమనిని క్లాంపులతో బిగిస్తారు. అక్కడి నుంచి క్లాంపు విప్పేదాకా ఒంటి కింది భాగానికి రక్తం దాదాపు ఆగిపోయినట్టే. అందులో వెన్నుపాము కూడా ఉంది. అందుకే శరీరాన్ని రెండు మూడు డిగ్రీలు చల్లబరుస్తారు, ఆ నిమిషాలను లెక్కపెట్టుకుంటారు. డక్టస్ కణజాలం ఎంతవరకు పాకిందో అంతా కోసి తీసేయాలి. కొంచెం మిగిలినా అది మళ్లీ ముడుచుకుని మళ్లీ నొక్కు తెస్తుంది. వెంట్రుకంత సన్నని దారంతో కుడతారు. ఆ నాళం బిడ్డతోపాటే పెరగాలి కాబట్టి, వంపు అడుగుభాగం దాకా కోతను పొడిగించి వాలుగా, వెడల్పుగా కలుపుతారు. ఇలాంటి ఆపరేషన్‌ను మొదటిసారి 1944లో స్వీడన్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ చేశారు. పసికందులకు చేయడం చాలా తర్వాతి మాట.

అపాయాలు కూడా వరసగా చెప్పారు. చాలా అరుదుగా కాళ్లు చచ్చుబడవచ్చు. స్వరపేటికకు వెళ్లే నరం అక్కడే డక్టస్‌ను చుట్టుకుని వెళుతుంది, దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోవచ్చు. కొవ్వును మోసే నాళం చిరిగితే ఛాతీలో పాలలాంటి ద్రవం చేరవచ్చు. నొక్కు తిరిగి రావచ్చు, అప్పుడు నాళం లోపలికి చిన్న బెలూన్ పంపి సాగదీయాల్సి ఉంటుంది. మరి ఇప్పుడే బెలూన్ వేయకూడదా అని మా వారు అడిగారు. ఇంత చిన్న వయసులో బెలూన్‌తో సాగదీస్తే త్వరగానే మళ్లీ ముడుచుకుంటుంది, అందుకే కోసి తీసేయడమే మేలన్నారు. సంతకం పెట్టాం. సంతకం పెట్టేటప్పుడు నా చేతిరాత నాదిలా లేదు.

మత్తు డాక్టరును నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "వాడికి నొప్పి తెలుస్తుందా?" ఆయన నా కళ్లలోకి చూసి, తెలియనివ్వను అన్నారు. ఆ ప్రశ్నకు ఆ జవాబు ఎప్పుడూ ఉండేది కాదని తర్వాత చదివి చాలా సేపు కదల్లేకపోయాను. 1980ల దాకా కూడా, నవజాత శిశువులకు నొప్పి పెద్దగా తెలియదనీ, మత్తుమందు తట్టుకోలేరనీ నమ్మి, ఎందరో పసికందులకు కండరాలు కదలకుండా చేసే మందూ, కొద్దిపాటి నైట్రస్ ఆక్సైడ్ అనే తేలికపాటి మత్తు వాయువూ మాత్రమే ఇచ్చి ఛాతీలు తెరిచారు. కదలలేడు, ఏడవలేడు, కనుక నొప్పి లేదనుకున్నారు. 1987లో కన్వల్‌జీత్ ఆనంద్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పరీక్ష దీన్ని మార్చింది. అదీ డక్టస్ ఆపరేషన్ చేయించుకుంటున్న నెలలు నిండని పిల్లల మీదే. సగం మందికి ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు కలిపి ఇచ్చారు. ఇవ్వని పిల్లల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు ఎగబాకాయి, ఆపరేషన్ తర్వాత చిక్కులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. అదే ఏడాది అమెరికా శిశువైద్యుల సంఘం కూడా పసికందులకు మత్తు ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. నా ప్రశ్న కొత్తదేమీ కాదు. నాకన్నా ముందు ఎందరో తల్లులు అడిగే ఉంటారు. వాళ్లకు ఏం చెప్పి పంపారో తలచుకుంటే గుండె పిండినట్టవుతుంది.

చేత్తో తాకి చూడటం గురించి మాట్లాడేటప్పుడు హెలెన్ టాసిగ్ గురించి చెప్పకుండా ఉండలేను. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల గుండె జబ్బులు చూసిన ఈ డాక్టరుకు వినికిడి క్రమంగా పోయింది. స్టెతస్కోపు మీద బతికే వృత్తిలో ఉండి, పిల్లల ఛాతీ మీద చేతివేళ్లు ఆనించి గుండెను తెలుసుకోవడం నేర్చుకున్నారు. రక్తంలో ఆక్సిజన్ చాలక నీలంగా మారే పిల్లలను ఏళ్ల తరబడి గమనించి, డక్టస్ తెరిచి ఉన్నంతకాలం వాళ్లు కాస్త మెరుగ్గా ఉంటున్నారనీ, అది మూసుకోగానే క్షీణిస్తున్నారనీ పట్టుకున్నది ఆమే. అలాగైతే డక్టస్ లాంటి దారిని మనమే కొత్తగా ఎందుకు ఏర్పరచకూడదని అడిగారు. ముందు బోస్టన్‌లో గ్రాస్‌ను అడిగితే ఆయన ఆసక్తి చూపలేదు. తర్వాత హాప్కిన్స్‌లోని సర్జన్ ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ ఒప్పుకున్నారు. ఆ శస్త్రచికిత్సను ప్రయోగశాలలో కుక్కల మీద పదేపదే చేసి, పనిముట్లు మలిచి, కుదిర్చినది వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు. ఆయనకు వైద్య పట్టా లేదు. 1944 నవంబరు 29న పదిహేను నెలల పాపకు ఆ ఆపరేషన్ జరుగుతుంటే, బ్లేలాక్ వెనక పీట మీద నిలబడి థామస్ ఒక్కొక్క కుట్టూ ఎలా వేయాలో చెప్పారు. చాలాకాలం ఆ ఆపరేషన్ పేరులో ఆయన పేరు లేదు. ఇప్పుడిప్పుడే చేరుస్తున్నారు. వినిపించని చెవులున్న మనిషి వేళ్లతో తెలుసుకున్నదాన్ని, అన్ని పరికరాలూ ఉన్న మనం డైపర్ విప్పి చూడటం లేదన్నదే నా బాధ.

నాతో వాదించేవాళ్లు చెప్పే మాటలు నాకు తెలుసు. ఇన్నేళ్లుగా విన్నాను. మొదటిది, ఇప్పుడు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే పల్స్ ఆక్సిమీటర్ ఉంది కదా, వేళ్లతో పనేమిటి అని. ఆక్సిమీటర్ మంచిదే, ప్రతిచోటా ఉండాల్సిందే. పుట్టి 24 గంటలు దాటాక కుడి చేతికి ఒకసారి, కాలికి ఒకసారి ఆ చిన్న ఎర్ర దీపం చుట్టి చూస్తారు. కుడి చేతికే ఎందుకంటే, ఆ చేతికి వెళ్లే రక్తం డక్టస్ కలిసే చోటికి ముందే విడిపోతుంది. కాలికి వెళ్లేది ఆ చోటు దాటి వెళుతుంది. డక్టస్ గుండా ఆక్సిజన్ తక్కువైన నీలి రక్తం కిందికి పారుతుంటే కాలి అంకె తగ్గిపోతుంది. అమెరికాలో ఈ పరీక్షను చట్టంతో తప్పనిసరి చేసిన రాష్ట్రాల్లో, ప్రమాదకరమైన గుండె లోపాల వల్ల పసిపిల్లలు చనిపోవడం సుమారు మూడో వంతు తగ్గిందని 2017లో తేలింది. ఇంత చవకైన పరీక్షతో ఇంత లాభం వైద్యంలో ఎక్కడుంది? కానీ ప్రమాదకర లోపం ఉన్న నలుగురిలో ముగ్గురినే అది పట్టుకుంటుంది. తప్పించుకునే ఆ నాలుగో బిడ్డకు చాలాసార్లు ఉండేది కోఆర్క్టేషనే. కారణం తేలికే. కాలికి చేరే రక్తం తక్కువైనా ఎర్రగానే ఉంటుంది కాబట్టి దీపానికి తేడా తెలియదు. రంగును దీపం చూస్తుంది, జోరును వేలే చూడాలి. రెండూ కావాలి.

రెండోది, అనవసరంగా ఎందరో తల్లిదండ్రులను భయపెట్టినట్టవుతుంది అని. 24 గంటల తర్వాత చేసే ఆక్సిమీటర్ పరీక్ష ఆరోగ్యవంతులైన 10,000 మంది పిల్లల్లో సుమారు ఆరుగురిని పొరపాటుగా అనుమానిస్తుంది. ఆ ఆరు కుటుంబాలు ఒక రోజు కంగారుపడి, ఎకో చేయించుకుని, నిశ్చింతగా ఇంటికి వెళతాయి. ఆ కంగారు చిన్నదని నేను అనను. కానీ రెండింటినీ తూకం వేయమంటే, ఆరో రోజు రాత్రి చూసినదాన్ని నేను ఏ తక్కెడలో పెట్టాలో చెప్పండి.

మూడోది గట్టి వాదన, దానికి నేను తల వంచుతాను. రెండో రోజున డక్టస్ ఇంకా తెరిచే ఉంటే కాళ్లలో నాడి అందుతుంది, వేలు పెట్టినా దొరకకపోవచ్చు. నిజం. మా బాబు డైపర్ విప్పి చూసినా ఆ రోజు నాడి మామూలుగానే తగిలి ఉండవచ్చు. ఆ డాక్టరుగారి మీద నాకు ఉన్న కోపం ఈ సంగతి అర్థమయ్యాక సగం చల్లారింది. అయితే దీని నుంచి రావాల్సిన ముగింపు పరీక్ష వద్దని కాదు, పరీక్ష ఒక్కసారి చాలదని. డక్టస్ మూసుకునే రోజులకు బిడ్డ ఇంట్లో ఉంటోంది. ఆసుపత్రులు త్వరగా ఇంటికి పంపుతున్న ఈ కాలంలో, అసలు గండం గడవాల్సిన సమయానికి బిడ్డను చూసేవాళ్లు అమ్మా నాన్నా అమ్మమ్మా మాత్రమే. కాబట్టి ఆ మొదటి వారంలో ఇంకోసారి ఎవరో ఒకరు, డాక్టరో నర్సో, గజ్జల్లో వేళ్లు పెట్టి చూడాలి. ఇక ఇంట్లోవాళ్లకు, ఇంటికి పంపే ముందు, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాలి. పాలు తాగుతూ చెమటలు పట్టినా, తాగలేక మధ్యలో వదిలేస్తున్నా, ఊపిరి వేగం పెరిగినా, రంగు పాలిపోయినా, తడిసే డైపర్లు తగ్గినా, చేతులు వెచ్చగా ఉండి కాళ్లు చల్లగా ఉన్నా తెల్లవారేదాకా ఆగవద్దని. పసిపిల్లల పాదాలు మామూలుగా కూడా చల్లగానే ఉంటాయి, అది ఒక్కటే అయితే కంగారు లేదు. పాలు మానడంతో కలిసి వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. నాకు బొడ్డు ఎలా తుడవాలో చెప్పారు, టీకాల తేదీలు చెప్పారు. ఇది ఎవరూ చెప్పలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్ని నెలలకు నేను వాడు పుట్టిన చోటికి వెళ్లి, డిశ్చార్జి కాగితం బల్ల మీద పెట్టి, ఇందులో కాళ్ల నాడికి గడి ఎక్కడుందని అడిగాను. అప్పటి డాక్టరుగారే ఉన్నారు. నేను గొడవకు వచ్చాననుకుని ముందు కుర్చీలో బిగుసుకున్నారు. మొత్తం విన్నాక ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "గడి లేదు" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఏడాది తిరిగాక మా ఆడపడుచు కాన్పు అక్కడే జరిగింది. ఆ పాప కాగితంలో, గుండె సాధారణం అన్న వరస కింద, పెన్నుతో చేతిరాతలో ఒక వరస అదనంగా ఉంది. గజ్జల్లో నాడి, కుడి, ఎడమ. రెండింటి పక్కనా టిక్కు. ఇంకా అచ్చులోకి ఎక్కలేదు.

ఆపరేషన్ మూడు గంటలు కూడా పట్టలేదు. వాడి గొంతు నాలుగైదు నెలలు బొంగురుగా ఉండి తర్వాత సర్దుకుంది. పాదం మీద ఇంటూ గుర్తు ఎన్నిసార్లు తుడిచినా వారం దాకా పోలేదు, నేను కూడా గట్టిగా తుడవలేదు. ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. బాగు చేసిన నాళమైనా జీవితాంతం కనిపెట్టుకుని ఉండాల్సిందే. మళ్లీ ఇరుకవ్వచ్చు, ఇరుకవకపోయినా పెద్దయ్యాక బీపీ రావచ్చు. ఏటా తీసుకెళతాం. ముందు కుడి చేతికి పట్టీ కడతారు, తర్వాత కాలికి. పోయిన నెల చేతిలో 102, కాలిలో 108. కాలి అంకె చేతి అంకెకు తగ్గకపోవడమే మాకు కావాల్సింది. తర్వాత డాక్టరుగారు పాదం పైన వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నారు. మావాడు ఆ మౌనానికి అలవాటుపడ్డాడు. ఆమె వేళ్లు తీశాక, తనే వంగి, అదే చోట తన వేలు పెట్టుకుని పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు.